మిగిలిన బిళ్ళలు

మళ్ళీ అదే మాట! అన్ని బిళ్ళలెలా మిగిలాయంటే ఏం చెప్పమంటారు డాక్టరుగారూ? మా ఆయన పోయి పది రోజులైంది. రేపల్లె నుంచి తెనాలి దాకా బస్సులో నిలబడి వచ్చాను. ఇంకెవరికైనా పనికొస్తాయని తెచ్చిస్తే, మెచ్చుకోవాల్సింది పోయి పోలీసు ప్రశ్నలా?

వేశానండి! వేయలేదని ఎవరన్నారు? మా యాకోబు మాస్టారి క్యాన్సరు నొప్పి నాకు తెలీదా? ముప్పయ్యేళ్ళు బళ్ళో పిల్లల్ని కిమ్మనకుండా కూర్చోబెట్టిన మనిషి, దిండు నోట్లో కుక్కుకుని అరిచేవారు.

అంతా మా చర్చి సంఘపెద్ద కృపారావుగారి చలవండి. మీరిచ్చిన డబ్బా చూసి, ‘మార్ఫినా! అలవాటైపోతుందమ్మా’ అన్నారు. నెలరోజుల్లో పోయే మనిషికి అలవాటైతే ఏంటని మీరన్నారు, గుర్తుందండి. కానీ మీరుండేది తెనాలి, ఆయనుండేది మా వీధి. ఆయనకేమో గంటకోసారి ముక్కుపొడుం పడకపోతే చెయ్యి ఆడదు!

గురువారం మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. అందరి ముందూ కేకలేస్తే ఏం బావుంటుందని ముందే ఒక బిళ్ళ వేశాను. ఏం చెప్పమంటారు! మాస్టారు లేచి కూర్చుని కీర్తన అందుకున్నారు. పక్కింటి ప్రమీలారాణి తెచ్చిన ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నారు. పాస్టరయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. ‘మంగాయమ్మ విశ్వాసం చూడండి, నొప్పి ఎగిరిపోయింది!’ అని ఒకటే స్తోత్రాలు.

అది బిళ్ళండీ అని చెప్పొద్దూ? నేనూ వాళ్ళతోపాటు స్తోత్రమన్నానండి. నేను ఎప్పుడూ గుళ్ళో వెనక వరస మనిషిని. ఆ ఆదివారం నన్ను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. బాగా చెప్పానండి! ఆడవాళ్ళు ఏడ్చారు కూడా.

ఇంక బిళ్ళెలా వేయను? ఆ అద్భుతం చూడ్డానికి రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. వాళ్ళున్నంతసేపూ మాస్టారు పళ్ళు బిగబట్టి ఓర్చుకునేవారు. ఎవరి కంటా పడకుండా డబ్బా బియ్యం డ్రమ్ములో దాచాను. మీరు నాలుగ్గంటలకోసారి వేయమన్నారు. నేను గురువారం గురువారం, ప్రార్థనకు ముందు మాత్రం వేశాను.

అలా తల పట్టుకోకండి. ఇంకా ఉంది.

ఆయన పోయింది మంగళవారం సాయంత్రమండి. ఆ పొద్దున నా చెయ్యి పట్టుకుని, ‘మంగా, ఇవాళ గురువారమేనా?’ అన్నారు. పాపం, ఆయనకన్నీ తెలుసు. ఒక్కసారీ నన్ను తప్పు పట్టలేదు.

అవునని బిళ్ళ నోట్లో వేస్తే సరిపోయేది. గుడి నిండా జనం ముందు అంత అబద్ధమాడిన దాన్ని! కానీ కృపారావుగారు అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు.

‘కాదండి, ఇంకా రెండ్రోజులుంది’ అన్నాను.