పెట్టుమచ్చ

ఆ కనుబొమ్మల పెన్సిల్ అక్కడ పెట్టి ఇటు రా. నిన్న అద్దం ముందు నిలబడి పెదవి కింద చుక్క పెట్టుకున్నావు, చూశాన్లే. ఫోన్లో ఆ పాటలమ్మాయికి ఉంది, అందుకేగా? తిట్టను తల్లీ, కూర్చో. మా అక్క సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. నేనూ అక్కా మందు సీసాలకి లేబుళ్ళు అంటించే పనికి పోయేవాళ్ళం. నలభై మందిమి, అందరికీ అదే నీలం కోటు, అదే టోపీ. సూపర్‌వైజరని ఒకాయన, ఎత్తుపళ్ళ మనిషి, మంచోడే పాపం, కాకపోతే ఎవర్నైనా "ఏయ్ అమ్మాయ్" అనే పిలిచేవాడు. అక్కకి అదే మంట. "మూడేళ్ళయిందే, నేనెవరో కూడా తెలీదు ఈయనకి" అనేది. అప్పుడో సినిమా వచ్చింది, అందులో హీరోయిన్‌కి పెదవి కింద, ఎడంపక్క, మచ్చ. అక్క నా చేతికి అగ్గిపుల్ల ఇచ్చి, పెట్టెల మీద నంబర్లేసే సిరాలో ముంచి పెట్టమంది. పెట్టాను. ఈ చేత్తోనే. "ఇది పుట్టుమచ్చ కాదే, పెట్టుమచ్చ" అని ఎంత నవ్విందో. ఆ రోజు సూపర్‌వైజరు ఆగి, "ఏమ్మా హీరోయిన్" అన్నాడు. ఇంక అక్క కాళ్ళు నేల మీద ఆనలేదు. ఎన్నాళ్ళు? వారం. సోమవారానికి నలభై మందికీ మచ్చలే. మళ్ళీ "ఏయ్ అమ్మాయ్".

ఉక్రోషంతో కడిగేసుకోబోయింది. పోలేదు. సబ్బు, కిరసనాయిలు, ఆఖరికి ఇటుక ముక్క కూడా... తోలు లేచిపోయి కొత్త తోలు వచ్చింది, దాంతోపాటే మచ్చా వచ్చింది. ఈలోగా తర్వాతి సినిమాలో హీరోయిన్‌కి మచ్చ లేదు, ఆవిడదీ పెట్టుకున్నదేనట. అందరూ తుడిచేసుకున్నారు. అక్కకే మిగిలింది. "ఏం, ఇంకా పాత సినిమాయేనా?" అని వాళ్ళ ఎగతాళి. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ వింతగా చూసి, "అదేమిటే, నీకది పుట్టినప్పట్నుంచీ ఉందిగా" అంది. వేళాకోళం అనుకున్నా. అమ్మ లోపల్నుంచి ఫోటో తెచ్చింది. మూడేళ్ళ అక్క, బుట్టచేతుల గౌను, చేతిలో చెంచా. పెదవి కింద, ఎడంపక్క, చుక్క. ఆ ఫోటో వందసార్లు చూశాను తల్లీ, అంతకుముందు లేదది. నాన్న కూడా, "అవును, పుట్టుమచ్చే" అన్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుని, "నువ్వే పెట్టావు కదే. చెప్పవే" అంది. అందరూ నా వంకే చూస్తున్నారు. నేను... ఏం చెప్పను, చిన్నదాన్ని. "ఏమో, నాకు గుర్తులేదు" అన్నాను.

అక్క నా చెయ్యి వదిలేసింది. మళ్ళీ ఆ మాటెత్తలేదు, నాతో సరిగ్గా మాట్లాడనూ లేదు. ఏడాది తిరక్కుండా జ్వరమొచ్చి పోయింది. ఆఖరిసారి మొహం తుడిచింది నేనే. మచ్చ లేదు. ఫోటోలోనూ లేదు. ఎవరితో అనను ఇదంతా?

అందుకే చెప్తున్నా, వెళ్ళి కడుక్కో. ఏంటి? నీకు చిన్నప్పట్నుంచీ ఉందా? ఎవరన్నారు? ఏమే, గుమ్మంలో నిలబడి వింటున్నావుగా, నువ్వైనా చెప్పు నీ కూతురికి... నువ్వూ అదే అంటావా. పుట్టగానే దీన్ని తుడిచి చేతుల్లోకి తీసుకుంది నేనేగా.

ఎందుకలా చూస్తారు ఇద్దరూ.

ఏమో, ఉందేమోలే. నాకు గుర్తులేదు. ఆ కిటికీ వెయ్యండి, జల్లు లోపలికి కొడుతోంది.