మోదుగులను తప్పించే బాట

అక్షరాలు ముసలితనంలో నేర్చాను. తప్పులను, నా నెమ్మదిని మన్నించండి.

సిద్దిపేట పక్క వాగు అడవిలో మోదుగాకులతో విస్తర్లు కుట్టే చిన్నకోడలు, వచ్చి పక్కన కూర్చున్న పెద్ద తోటికోడలి వంక చూడలేదు.

"అడివిల నడిచెటోళ్లకు ఏసే సిమెంటు బాట సక్కగ పోతే నీ మోదుగు చెట్లు కొట్టేస్తరు చెల్లె. రేపు ఫారెస్టోళ్లు వచ్చి అడిగితే, చుట్టు తిప్పుమని చెప్పు."

"తిప్పితే నీ చాయ్ హోటల్ ముంగట్నుంచే పోతది గద అక్కా! నడిచెటోళ్లంత నీ గిరాకే."

"కండ్లు మండుతున్నయా?"

"మండవా? పెండ్లయి వచ్చినకాన్నుంచి మంచిదంత నీ దిక్కే."

"నా మీది కుళ్లుతోటి అడివి కొట్టిస్తవా?"

ఆమె కుడుతున్న ఆకు చిరిగింది.

"తిప్పుమంట. గని నీ ఇడ్లీలు నా ఇస్తర్లల్లనే పెట్టాలె."

"ప్లాస్టిక్ ప్లేట్లు కొనిపెట్టుకున్న గదనే!"

"అయితే కొట్టనియ్యి."

"ఆగవే! రోజుకెన్ని కుట్టి ఇస్తవ్?"

— బొల్లం రాజవ్వ, అరవై ఏడేండ్లు, ఇప్పుడు చంద్లాపూర్‌లో.