వేళ్ళు ఒప్పుకున్న వంపు

పందొమ్మిది వందల తొంభై రెండో సంవత్సరం జూలై ఆరో తేదీన ప్రదర్శనశాల నమూనాల విభాగంలో సహాయకురాలిగా చేరిన రేకులక్కయ్య గారు, ఈ నెలాఖరున అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారికి అసలు పేరు వేరే ఉంది గాని, జీతాల గుమాస్తా గారికి తప్ప అది ఎవరికీ నోరు తిరగదు. ఓడలకూ వంతెనలకూ రైలింజన్లకూ సూక్ష్మ నమూనాలు తయారుచేసే ఈ విభాగంలో, పలుచని ఇత్తడి రేకును వంచి నిచ్చెనలుగా, మెట్లుగా, కమ్మీలుగా తీర్చిన వారి నైపుణ్యమే ఆ ముద్దుపేరును ఆర్జించి పెట్టింది.

చేరిన కొత్తలో విభాగంలో ఉన్నది, మూతి లోపల గరుకు పళ్ళుండే ఒకే ఒక పళ్ళ పట్టకారు. "అన్నిటికీ ఇదేనా అండీ?" అని వారు అడిగితే, "ఉన్నది అదేనమ్మా" అన్నారట అప్పటి అధిపతి. ఆ జవాబు వారికి మింగుడుపడలేదు. క్రమక్రమంగా వారి బల్ల మీదికి నున్నని మూతి పట్టకార్లు, రేకును నడుమ బిగించి మడిచే ఉక్కు పలకల జత, రకరకాల లావుల్లో డ్రిల్లు కాడలు, చదునైన చెక్క పుల్లలు వచ్చి చేరాయి. వాటిని ఎవరైనా అరువడిగితే మాత్రం వారి ముఖం ముటముటలాడేది. ఈ ఒక్క విషయంలో వారిని మెచ్చుకోవడం సహోద్యోగులకు కష్టమే.

"ముందు వంపు చూసుకోండి, తర్వాత రేకు మందం చూడండి. పనిముట్టు ఆఖరున. ముందే చేతిలో ఉంటే అది మనచేత తనకొచ్చిన పనే చేయిస్తుంది" అని కొత్తగా చేరినవారికి చెప్పేవారు. దర్జీ పని చేసే వారి భర్త గారు ఓసారి విభాగానికి వచ్చి, "ఇంట్లో ఇద్దరమూ మడతలు పెట్టేవాళ్ళమే. నావి ఇస్త్రీ చేస్తే పోతాయి. ఆవిడవి విప్పబోతే విరుగుతాయి" అని అందరినీ నవ్వించారు.

వారు అధిపతి అయిన మరుసటి ఏడాది, చూపులేని పిల్లలు తడిమి తెలుసుకునేందుకు ఒక గది ఏర్పాటైంది. అందులో ప్రధానమైనది ప్రయాణికుల ఓడ. ప్రారంభోత్సవం ముంచుకొస్తున్న తొందరలో, ఓడ అంచు చుట్టూ ఉండే కమ్మీలను రేకులక్కయ్య గారు పాత పళ్ళ పట్టకారుతోనే వంచేశారు. నమూనాను పరీక్షించడానికి అంధుల పాఠశాల నుంచి మాస్టారు వచ్చారు. వారికీ చూపు లేదు.

"ఓడ చాలా బావుందమ్మా. కాకపోతే ఈ కమ్మీ దగ్గర ఏదో వేలిని కొరుకుతోంది" అన్నారు మాస్టారు.

డైరెక్టరు గారు వంగి చూసి, "నాకేం కనపడటం లేదే" అన్నారు.

"కనపడదు సార్. అందుకేగా నన్ను పిలిచింది" అని నవ్వారు మాస్టారు.

రేకులక్కయ్య గారు కళ్ళు మూసుకుని అక్కడే వేలితో తడిమి చూశారు. ఏమీ తగల్లేదు. ఆకురాయి పట్టీ పట్టీ మొద్దుబారిన వేళ్ళవి. భూతద్దం పెడితే పట్టకారు పళ్ళ గాట్లు వరసగా కనిపించాయి. వారి ముఖం చిన్నబోయింది.

"రెండు రుద్దులు రుద్దేస్తే సరిపోతుంది కదమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

"రుద్దితే పలచబడుతుంది సార్. ఏ పిల్లాడి చేతిలోనో విరిగి గుచ్చుకుంటుంది. అన్నీ తీసేసి మళ్ళీ చేస్తాను."

"మరి గడువు?"

"గడువు సంగతి మీరు చూడండి, కమ్మీ సంగతి నేను చూస్తాను."

డైరెక్టరు గారు సణుక్కుంటూనే ప్రారంభోత్సవాన్ని వాయిదా వేయించారు. రేకులక్కయ్య గారు మర్నాడు మాస్టారిని బతిమాలి తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "నా వేళ్ళు పనికిరావండీ. మీ వేళ్ళు అరువివ్వండి" అన్నారు. ఒక్కో పనిముట్టుతో ఒక్కో రేకు ముక్క వంచి అందించారు. నున్నని పట్టకారుతో వంచినదాన్ని తడిమి, "మూల తగుల్తోంది" అన్నారు మాస్టారు. పలకల్లో మడిచినదాన్ని, "మెట్లకైతే సరే, పట్టుకునేదానికి వద్దు" అని పక్కన పెట్టారు. చివరికి రేకును సన్నటి మంట మీద కాచి మెత్తబరచి, గుండ్రటి డ్రిల్లు కాడ మీద ఆనించి, చెక్క పుల్లతో మెల్లగా నొక్కి వంచిన ముక్క వచ్చింది. మాస్టారి వేలు దాని మీద అటూ ఇటూ నడిచింది. "ఇది గాజులా ఉందమ్మా. ఇదే కానివ్వండి" అన్నారు.

మాస్టారు తప్పుపట్టని కమ్మీలను కూడా ఊడదీసి, ఓడ చుట్టూ కొత్తవి అమర్చారు రేకులక్కయ్య గారు.

గది తెరిచిన రోజున ఒక పాప ఓడ ముక్కు నుంచి వెనకదాకా కమ్మీ వెంబడి వేలు జరుపుకుంటూ వచ్చి ఆగింది. "మనుషులు ఎక్కడ నించుంటారు?" అని అడిగింది. "ఇక్కడే తల్లీ. దీన్ని పట్టుకుని నించుంటారు" అన్నారు రేకులక్కయ్య గారు. పాప రెండు వేళ్ళతో ఆ కమ్మీని పట్టుకుని కాసేపు కదలకుండా నిలబడి, "అయితే ఇక్కడ గాలి బాగా వేస్తుంది" అంది. ఎంతటి అతిథులు వచ్చినా తొణకని రేకులక్కయ్య గారు ఆనాడు పక్కకు తిరిగి కళ్ళు ఒత్తుకోవడం సహోద్యోగులందరూ చూశారు.

కర్తవ్యదీక్షకు పర్యాయపదంగా నిలిచిన రేకులక్కయ్య గారు, గడువులు తరమని ఉదయాలనూ, తొందరలేని సాయంత్రాలనూ మనసారా అనుభవిస్తూ, దర్జీ బావగారి తోడులో, చెదరని చూపుతో, వణకని చేతులతో, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని విభాగమంతా హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తోంది.