బస్సులో చెప్పిన ప్రశ్న

నంద్యాలలో విశ్వవిద్యాలయం వాళ్లు ప్రపంచ నీటి కరువు మీద పెట్టిన ఉచిత ఉపన్యాసం విని, ఇద్దరు రైతులు ఆళ్లగడ్డ బస్సెక్కారు. పెద్దాయన ఎప్పటిలా కిటికీలోంచి తువ్వాలు వేసి ఇద్దరికీ సీటు పట్టాడే గానీ, చిన్నవాడి మీద కడుపు మండిపోతోంది.

“ఏందన్నా, మొగం మాడ్చుకున్నావు?”

“‘భూమి కింది నీళ్లకు గట్టు ఎవరేయాల?’ అని పొద్దున బస్సులో నీకు చెప్పింది నేను. ఆడ లేసి అడిగింది నువ్వు.”

“నువ్వు లేస్తావేమోనని చూసినా. లేయకపోతివి.”

“అంతమందిలో లేసేదానికి సిగ్గయిందప్పా. సారు నీ పేరడిగి మరీ మెచ్చుకునె.”

“పోనీలే అన్నా. ఎండింది నీ బోరే గదా, జవాబు నీకే పనికొస్తాది. ఇంతకూ సారు ఏం జెప్పినాడు? పేరు అడిగిన సంబరంలో నేను సరిగ్గా వినలా.”

“నేను మాత్రం యాడ వింటిని? నీకు కొట్టిన చప్పట్లే ఇంగా చెవుల్లో మోగుతాండాయి.”