ఎడమచేతి అతుకు

షెడ్డులో పాత మిలటరీ ట్రక్కు తలుపు బల్లమీద పడుకోబెట్టి ఉంది. రేకు కోయబోయిన మేస్త్రి ఆగి, ట్రక్కు తెచ్చిన ఆమెను పిలిచాడు.

“అమ్మా, దీన్ని నడిపిన మీ నాన్నగారిది ఎడమచేతి వాటమా?”

“అవును! మీకెలా తెలిసింది?”

“లోపలి ఈ అతుకు చూడండి. సుత్తి దెబ్బలన్నీ ఎడమచేత్తో కొట్టినట్టే వాలి ఉన్నాయి.”

“నాన్నే వేశారంటారా?”

“పనొచ్చినవాడు ఇంత వంకరగా వేయడు.”

“ఇంట్లో మేకు కొట్టినా ఇంతే లెండి! మరి తలుపంతా కొత్త రేకు వేయాలన్నారుగా?”

“తుప్పు తినేసింది కదమ్మా.”

“అతుకును కూడానా?”

“గీకి చూశాను. అదొక్కటే గట్టిగా ఉంది.”

“అయితే దాన్ని కొయ్యకండి. చుట్టూ కొత్తది వేయండి.”

“అలాగే. ఎవరైనా అడిగితే మాత్రం ఆ అతుకు నాదని చెప్పకు తల్లీ, పరువు పోతుంది!”