పసుపు తాగిన పురుగు

దొక్బే అన్న ఏ కథైనా చిన్నగానే మొదలుపెడతాడు. ఆ రోజు కూడా నా కొట్టు ముందు చెక్కబల్ల మీద బాసింపట్టు వేసుకుని, బార్లీ నీళ్ల గ్లాసు మోకాలి పక్కన పెట్టుకుని, "నేను చేసిందేముందిలే, పోయిన వసంతంలో కంచెకు పట్టిన తీగలన్నీ ఒక్క పూటలో లాగేశాను, అంతే," అన్నాడు.

ఆ కంచె గురించే అందరం కూర్చున్నాం. మా ఊరి వాగుగట్టు పొడుగునా గేనారి పూల పొదల కంచె ఉంది. ఏటా ఆకు తొడగకముందే ఒళ్లంతా పసుపు పూసుకుని నిలబడుతుంది. అవతలి గట్టున పక్క ఊరివాళ్ల గేనారి అప్పటికి వారం నుంచీ విరగబూసి ఉంది. మాది మాత్రం చీపురుకట్టలు వరసగా నిలబెట్టినట్టుంది. నేలకానుకుని ఎక్కడో నాలుగు పూలు తప్ప పైనంతా బోడి.

మూడింటికి మండలాఫీసు మనిషి వస్తాడు. కంచె ఎందుకు పూయలేదో ఊరిపెద్ద కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వాలి. తెగులో పురుగో అయితే, పక్క ఊళ్లకు పాకకుండా వేళ్లతో సహా తవ్వి తగలబెట్టి, ఆ చోట ఇనుప కంచె వేస్తారట. మా ఊరిపెద్ద సంగూ కలం పట్టుకుని కూర్చున్నాడు. కంచె కాపలా, సేవ, కత్తిరింపు అన్నీ ఆరేళ్లుగా దొక్బే అన్నవే గనక ఆయన్నే అడగాలి. రెండు దాటింది.

బల్ల చివర పిల్నామ్ అవ్వ కత్తిపీట లేకుండా చిన్న చాకుతోనే మాచిపత్రి బాగుచేస్తోంది. ఎనభై మూడేళ్లు ఆవిడకి. కొత్తకోడలుగా వచ్చిన ఏడు పుట్టింటి నుంచి పన్నెండు గేనారి పుల్లలు తడిగుడ్డలో చుట్టి తెచ్చి గట్టున గుచ్చింది. ఇవాళున్న కంచె మొత్తం ఆ పన్నెండు పుల్లల సంతానమే. ఆవిడ పొద్దుటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. నేను బుద్ధజయంతి దీపాలకు కాగితపు తామరరేకులు అంటిస్తూ, స్వామీ, ఈ పూట గట్టెక్కించు అనుకుంటున్నాను.

"తీగలు లాగాక కత్తెర పట్టానా," అన్నాడు దొక్బే అన్న, "నా కత్తెర సంగతి మీకు తెలుసు కదా."

తెలియనిదెవరికి. దాని అంచున ఒక పన్ను ఊడింది. నిరుడు అడిగితే రాతిబండను కోశానన్నాడు, అంతకుముందు ఏడు యుద్ధంనాటి ఇనుపతీగ అన్నాడు. ఎలా ఊడిందో గానీ, ఆ కత్తెర ఏ కొమ్మ కోసినా కోసినచోట సన్నటి బెరడుముక్క చిన్న నాలుకలా వేలాడుతుంది.

"ఆ కత్తెరతో పూలు రాలిన వారానికే ముచ్చటగా గీశాను. మళ్లీ ముట్టుకోలేదు. ఇక చలికాలం. జనవరిలో మీరంతా బస్సెక్కి వేడినీటి బుగ్గలకు పోయారు. నేనెందుకు రాలేదు? మోకాలి నొప్పి అన్నాను, మీరు నమ్మారు, అది మీ మంచితనం. అసలు సంగతి కంచెను వదిలి రావడానికి కాళ్లాడలేదు. ఆ రోజు ఎంత చలి అంటే, గట్టు మీద కాసేపు నిలబడేసరికి నా నీడ నేలకు అంటుకుపోయింది. లాగితే రాదు. ఇంటికి పోయి పార తెచ్చుకుని, అంచుల నుంచి మెల్లగా గీకి లేపి, చాపలా చుట్టి భుజాన వేసుకుని తెచ్చుకున్నాను."

"ఆరబెట్టావా అన్నా?" అన్నాడు మిల్లు హక్జూ.

"పొయ్యి దగ్గర వేశాను. ఎడమపక్క అంచు కొంచెం కాలింది. చూడు కావాలంటే."

మేం వంగి చూశాం కూడా. నవ్వు వచ్చింది గానీ ఎవరికీ పైకి రాలేదు. సంగూ గడియారం చూసుకున్నాడు. నీడల సంగతి తర్వాత, కంచె ఎందుకు పూయలేదో చెప్పమన్నాడు.

"అక్కడికే వస్తున్నా. కొమ్మ కొమ్మకూ గడ్డి చుట్టాను. నాలుగు వేల ఏడు కొమ్మలు. గడ్డి అయిపోతే మా ఆవిడ ఉన్ని మేజోళ్లు తొడిగాను, అవీ అయిపోతే మిగిలిన కొమ్మల్ని ఒక్కొక్కదాన్నీ చంకలో పెట్టుకుని వెచ్చచేశాను. చలి ఓడిపోయింది. మొగ్గలు బియ్యపుగింజల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. అప్పుడు ఏమొచ్చిందో తెలుసా? పసుపు దుమ్ము వచ్చింది. పడమటి సముద్రం దాటి ఏటా వచ్చేదే, కాదన్ను, కానీ ఈసారి రెండు నెలలు ముందే వచ్చింది. మీరంతా దుమ్మే అనుకుని ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. నేను వేలికి రాసుకుని ఎండలో చూశాను. దానికి కాళ్లున్నాయి."

సంగూ కలం కదిలింది. 'పురుగు' అని రాశాడు. నేను పక్కనే ఉన్నాను గనక ఆ మాట కనబడింది. దొక్బే అన్న చెప్పేదాంట్లో ముప్పావు వంతు పొట్టు అని సంగూకి తెలుసు, కానీ పొట్టంతా చెరిగేసినా గింజ ఒకటి మిగలాలి కదా, ఆ గింజ పురుగే అని అతను అనుకున్నట్టున్నాడు. అవ్వ చేతిలో చాకు ఆగింది. మళ్లీ కదిలింది.

"అది ఆకు తినదు, బెరడు తినదు. పసుపు రంగు తాగుతుంది, అంతే దాని ఆహారం. కంచె మీద మొగ్గలు మొత్తం ఒక్క పొద్దులో తాగేసింది. తాగి ఊరుకుందా? నా కోళ్లగూట్లో దూరింది. గుడ్డు పగలగొడితే లోపల సొనా తెలుపే, చుట్టూ తెలుపే. మా ఆవిడ పెనం పట్టుకుని అలాగే కూలబడింది. అక్కణ్ణుంచి నూడుల్సు కొట్టుకు పోయి పసుపుగా ఊరేసిన ముల్లంగి మొత్తం పాలిపోయేలా చేసింది. ఆ తర్వాత రోడ్డు మీద నడిమి పసుపు గీత తాగేసింది. గీత లేకపోయేసరికి ఎదురెదురుగా వచ్చిన రెండు బస్సులు, ఎవరి పక్క ఎవరిదో తెలియక, మర్యాదకి నువ్వు పో అంటే నువ్వు పో అనుకుంటూ సాయంత్రం దాకా నిలబడిపోయాయి."

హక్జూ ఆ వారమంతా బస్సులోనే తిరిగాడట, ఒక్క రోజూ ఆలస్యం కాలేదట. నువ్వెక్కింది నీలం బస్సు, దాన్నెందుకు ముట్టుకుంటుంది అన్నాడు దొక్బే అన్న.

ఎండ బల్ల సగానికి వచ్చింది. మామూలు రోజైతే ఇక్కడికి మేం పొట్ట పట్టుకుని దొర్లుతుండాలి. ఆ రోజు ఆయన ఒక్కో మెట్టు పైకెక్కుతుంటే, కాగితం మీద ఒక్కో వరస కిందికి దిగుతోంది. మూడో వరసలో ఉన్నాడు సంగూ.

"ఇక చివరికి," దొక్బే అన్న గొంతు తగ్గించాడు, "దండు కట్టి కొండెక్కింది. గుడిలో బంగారు స్వామి ఉన్నాడు కదా. నేను మూడు వందల మెట్లు నాలుగు అంగల్లో ఎక్కేసరికి, స్వామి భుజాల దాకా తెల్లబడిపోయి ఉన్నాడు. నా ప్రాణం విలవిల్లాడింది. ఏం చెయ్యను? చేతులు జోడించాను, కళ్లు మూసుకున్నాను, నోరు తెరిచాను. దండు మొత్తం మింగేశాను. మూడు రోజులు దగ్గితే మా గోడ మీద బంగారు చుక్కలు పడ్డాయి. కానీ ఒక్క జంట తప్పించుకుంది. వాగు దాటి కంచె వేళ్లలోకి దూరింది. అందుకే పూయలేదు, సంగూ. ఇప్పటికీ అక్కడే ఉంది."

సంగూ తలెత్తాడు. "వేళ్లలోనా?"

"వేళ్లలోనే."

"అయితే వేళ్లతో సహా తవ్వాల్సిందే అన్నా."

అప్పుడు చూశాను నేను ఆయన ముఖం. గట్టు అంచు దాకా వచ్చిన మనిషి కిందికి చూసుకున్నట్టుంది. బార్లీ నీళ్లు తాగబోతే గ్లాసు ఖాళీగా ఉంది. నేను పోయలేదు. వెనక్కి తగ్గుతాడేమో, పొరబడ్డానంటాడేమో అని ఎదురుచూశాను. ఆయన గ్లాసు కిందపెట్టి, "అవును మరి. తవ్వాల్సిందే," అన్నాడు.

సంగూ ముద్రడబ్బీ మూత తీశాడు. ఎర్రసిరా అద్దాడు. అద్ది, కాగితం మీద పెట్టబోయి ఆగాడు. అరవై ఏళ్ల కంచె, నా చేత్తో తవ్విస్తున్నాను, నువ్వు చూసింది నిజమేనని స్వామి మీద ఒట్టేసి చెప్పు, అప్పుడు వేస్తాను అన్నాడు.

దొక్బే అన్న కొండ వైపు తిరిగాడు. చేతులు జోడించాడు. "నమో అమితాభ..." అని మొదలుపెట్టాడు. నా చేతిలో తామరరేకు నలిగిపోయింది.

"ఆగు దొక్బే," అంది పిల్నామ్ అవ్వ. "ఆయన పేరు మీద వద్దు."

ఆవిడ చాకు పక్కనపెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ఎదురింటి తన గడప లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు రెండు చేతులా సోయా ఊరబెట్టే జాడీ ఒకటి మోసుకొచ్చింది. జాడీ నిండా నిలువెత్తు గేనారి కొమ్మలు, వాటికి లేతాకులు. బల్ల మీద పెట్టి, ఒక కొమ్మ పైకి లాగింది. నీళ్లలో ఉన్న చివర తెల్లటి వేళ్లు గడ్డంలా వేలాడుతున్నాయి. వేళ్ల పక్కనే, కోసినచోట, చిన్న బెరడు నాలుక.

"ఊరంతా బస్సెక్కిన రోజు నేనూ ఊళ్లోనే ఉన్నాన్రా. నువ్వు కోసి వాగులోకి తోసేసినవాటిలో ఒక మోపు ఏరుకొచ్చుకున్నా. వెచ్చటి గదిలో పెడితే పదిహేను రోజులకు పూశాయి. గదంతా పసుపే. పురుగు నా గది తలుపు కొట్టలేదు మరి."

దొక్బే అన్న కొమ్మ వైపే చూస్తున్నాడు.

"కంచె అడుగున నాలుగు పూలున్నాయి, మోకాలెత్తు పైన ఒక్కటీ లేదు. దారం పట్టి గీసినట్టుంది ఆ గీత. పురుగు గీత గీసుకుని తాగిందా?" అని అవ్వ కూర్చుంది. "సంగూ, నీకు పురుగు కావాలంటే గట్టు దాకా పోనక్కర్లేదు. ఈ బల్ల మీదే కూర్చుని ఉంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఆయనకే తేలిగ్గా ఉండేది. కోసిన సంగతి మాకెవరికీ తెలియలేదు, పూసేదాకా కంచెను ఎవరు చూస్తారు గనక. మేం బుగ్గల నుంచి వచ్చిన మర్నాడే మంచు పడింది, పది రోజులు కప్పేసింది, కరిగాక అది ఎంత ఎత్తుండేదో ఒక్కరికీ గుర్తు లేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాడు హక్జూ.

"వాడే చెప్తాడని చూశా."

దొక్బే అన్న వేలితో ఆ బెరడు నాలుకను తడిమాడు. మాట్లాడినప్పుడు గొంతు వేరేగా ఉంది, మాటలు పొట్టిగా ఉన్నాయి. "మీరు తిరిగొచ్చేసరికి కత్తితో కోసిన తోఫూ అంచులా ఉండాలనుకున్నా. మొగ్గలున్నాయని తెలియక కాదు. సగం కోశాక చేతికి తగిలాయి. సగంలో ఆపితే నవ్వుతారని మిగతా సగం కూడా కోసేశా."

కంచెకు ఏమీ కాలేదు, ఈ ఏడు ఇక కత్తెర ముట్టించకపోతే వచ్చే వసంతానికి మళ్లీ పూస్తుందని అవ్వ చెప్పింది. పూలు రాలిన పది రోజుల లోపు కోయాలి, ఆ తర్వాత పట్టినవాడి చెయ్యి విరగ్గొట్టాలి అని కూడా చెప్పింది, మామూలుగానే, కూర ధర చెప్పినట్టు.

సంగూ మొదటి కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. కొత్తది తీశాడు. వంతెన అవతల కారు మలుపు తిరుగుతున్న చప్పుడు వినబడింది. గబగబా రాస్తూ పైకి చదివాడు: "తెగులు లేదు. పురుగు లేదు. కత్తెర వేళ తప్పి పడింది. వచ్చే వసంతం పూస్తుంది."

"కత్తెర అని రాయకు," అన్నాడు దొక్బే అన్న. "పట్టినవాడి పేరు రాయి."

సంగూ ఆయన ముఖంలోకి చూసి, కొట్టేసి, రాశాడు. దొక్బే అన్న మెడ చాచి ఆ వరస చదువుకున్నాడు. పెదవులు కదిలించుకుంటూ రెండోసారి కూడా చదువుకున్నాడు.

"సంగూ," అన్నాడు, "ఆ పేరు కొంచెం పెద్దక్షరాల్లో రాయకూడదూ."