ఎర్ర తాడు ఎడమకి

నడుం లోతు సముద్రంలో ఇద్దరు: గాలికి ఎగిరే కైట్ పట్టుకుని నీళ్ల మీద జారడం నేర్పే అమ్మాయి, ఆ స్కూల్లో కైట్లు కుట్టి పొట్టపోసుకున్న ఆమె మేనమామ.

"నా కొంప ముంచింది మీ స్కూలు ఓనరే, ఆ ఈలగాడే. మెడలో ఈల వేలాడేసుకున్న ప్రతివాడూ ఓనరేనా?"

"మామయ్యా, ముందు బోర్డులో కాళ్లు పెట్టు."

"పదకొండేళ్లు వాడి కైట్ల చిరుగులన్నీ కుట్టాను. నేర్చుకోడానికొచ్చిన ఆ లెక్కల మాస్టారు కైట్‌తో రాళ్లకి కొట్టుకుని ప్రాణం పోతే పోలీసులతో ఏమన్నాడు? 'కుట్టు ఊడింది సార్, దర్జీ తప్పు.' సాయంత్రానికి నా కుట్టు గదికి తాళం."

"మళ్లీ మొదలెట్టావా? మోకాళ్లు గుండెకి ఆనించు."

"నాకు చెప్పకు, నా పొట్టకి చెప్పు."

"తాళ్లు కట్టిన బార్ రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలు. కైట్ నెత్తి మీదే ఉండాలి. ఎడమకి కొంచెం దించి, ఒక్కసారి కుడికి... లాక్కో! బార్ లాక్కో మామయ్యా!"

"ఫూ... అబ్బా... సగం సముద్రం లోపలికి పోయింది."

"కుర్చీలోంచి లేచినట్టు లేస్తావేం? నువ్వు లేవకూడదు. అదే లేపుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మూడు నెలల్నుంచి చెప్తూనే ఉన్నావు. చెప్పాల్సినవన్నీ చెప్పేశావా?"

"అంటే?"

"ఏం లేదు. ఇది మాస్టారి కైటేగా?"

"నువ్వే కదా ఇదే కావాలన్నావు? మళ్లీ కుట్టి మరీ తెచ్చావు."

"నా కుట్టు ఆగుతుందో లేదో చూడాలిగా. పొద్దున తాళ్లు కట్టి నాలుగుసార్లు సరిచూశావేం?"

"ఎర్ర తాడు ఎడమకి. అందరం చూస్తాం."

"నాలుగుసార్లా?"

"గాలి పెరుగుతోంది. ఇదే ఆఖరు. మిషన్ తొక్కినట్టు రెండు కాళ్లూ కలిపి తొక్కకు. వెనక కాలు ముడువు, ముందు కాలు చాపు."

"ఆ రోజు ఎన్నిసార్లు చూశావు?"

"నన్ను కాదు, కైట్ చూడు! దించు... కుడికి... ముందు కాలు, ముందు కాలు! లేచావు! మామయ్యా, లేచావు! అలాగే పో... చాలు! బార్ వదిలెయ్! వదిలెయ్!"

"... ఎంత దూరం?"

"ముప్ఫై గజాలు."

"కుట్టు?"

"ఉంది."

"చూసి చెప్పు."

"ఉంది మామయ్యా. ఒక్క పోగు కదల్లేదు."

"మరి ఏడుపెందుకు?"

"ఉప్పు నీళ్లు పడ్డాయి."

"ఊఁ. పడతాయి."

"మామయ్యా... ఆ రోజు కుట్టు ముందు ఊడలేదు. రాళ్లకి తగిలాకే చిరిగింది. తాళ్లు కట్టింది నేనే. తొందరలో... ఎర్ర తాడు కుడికి కట్టేశాను. ఆయన ఎడమకి తిప్పుకుంటే అది కుడికి, రాళ్ల మీదికి..."

"తెలుసు."

"తెలుసా?"

"చిరిగిన కైట్ తెచ్చి నా గదిలోనే పడేశారుగా. తాళ్లు దానికే ఉన్నాయి, ఎర్రది కుడికి. పోలీసులు వచ్చేలోపు విప్పి చుట్టేశాను."

"మరి ఒక్క మాట అనలేదేం? ఇన్నాళ్లూ ఈలగాడు, ఈలగాడు అని..."

"మేనకోడలివి. నిన్ను తిట్టడానికి నోరు రాక వాణ్ణి తిట్టాను. ఈ వయసులో నాకీ ఆటలెందుకే? నీ అంతట నువ్వే చెప్తావని మూడు నెలలు ఈ నీళ్లలో వెల్లకిలా పడున్నాను."

"ఇప్పుడే వెళ్లి ఓనరుకి చెప్తాను. పోలీసులకీ చెప్తాను."

"చెప్పు. తాళ్లు విప్పింది నేనని కూడా చెప్పు."

"మరి నీ గది... నీ గది నీకు ఇమ్మని..."

"ఇంకెక్కడి గదే? ఎనిమిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. పంపులు బిగించారుగా. రోజూ పాఠం అయ్యాక నువ్వు ఒంటి మీద ఉప్పు కడుక్కునేది అందులోనే."